బావిలో ఒక గురువారం

ఫిబ్రవరి 9

ఒరేయ్ చిన్నోడా,

నీ ఉత్తరం అందింది. విప్పగానే బల్ల మీద గుప్పెడు తెల్ల దుమ్ము రాలింది. మీ బావ దాన్ని వేలితో రాసి చూసి "రాయి" అన్నాడు. నువ్విప్పుడు రాతినేలలో బోర్లు వేస్తున్నావని, పని కష్టంగా ఉండి ఉంటుందని, ఒళ్లు జాగ్రత్తగా చూసుకోమని రాయమని, ఇదంతా ఆ ఒక్క మాటలోంచి నేనే తీసుకోవాలి. ఆయన కొట్లో మోటర్లకి చుట్టే రాగి తీగైనా కాస్త సాగుతుంది గానీ ఆయన మాట మాత్రం సాగదు.

చెవులు ఎలా ఉన్నాయి? ఆ బోరు లారీ మీద నిలబడేటప్పుడు చెవుల్లో దూది పెట్టుకోమని ఎన్నిసార్లు చెప్పాను. ఫోన్లో నువ్వు "ఆఁ? ఆఁ?" అనడం, నేను అరవడం, మన ఇంటి సంగతులన్నీ వీధిలో వాళ్లకి ముందు తెలియడం. అంతకంటే ఉత్తరమే నయం. ఉత్తరంలో అయితే నేను చెప్పేదంతా అయ్యేదాకా నువ్వు నోరెత్తలేవు. చిన్నప్పటి నుంచీ నాకు కావలసింది అదే.

ఇక్కడ సంగతులు ఏమంత బాగాలేవు. పోయినేడు వాన ముఖం చాటేసింది, ఇప్పుడు బావి దిగిపోతోంది. లెక్కల మాష్టారు రోజూ పొద్దున్నే ముడులేసిన తాడు బావిలోకి వదిలి కొలుస్తున్నారు. పైకి తీసి చూసి ఆయన పెట్టే మొహంతోనే మాకు కొలత తెలిసిపోతుంది. ఒకప్పుడు ఎవరి వంతు రోజున వాళ్లు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మోటరు వేసుకునేవాళ్లం. ఇప్పుడు మధ్యాహ్నానికే గాలి పీలుస్తోంది. నా నిమ్మచెట్లు ఆకు ముడిచాయి. నాన్న నాటిన పాతవి ఇంకా ఓర్చుకుంటున్నాయి, నేను నాటినవే గారాలు పోతున్నాయి.

బావి మీద వాటా ఉన్నవాళ్లమంతా పోయిన ఆదివారం కూర్చున్నాం. ఎవరూ బోరు వెయ్యకూడదని మాట అనుకున్నాం. బావిలో నీ వంతు గురువారం మీద కూడా మాట వచ్చింది. నేను ఉండగా ఆ మాట ఎత్తొద్దని చెప్పేశాను. దర్జీ బాబాయి మొహం మాడ్చుకున్నాడు. మాడ్చుకోనీ.

మా పెద్దపిల్లకి నెలలు నిండుతున్నాయి. వచ్చే నెలాఖరుకి దాని దగ్గరికి వెళ్లాలి. మరదల్ని అడిగానని చెప్పు. బుజ్జిదానికి పళ్లు ఊడటం అయిందా, వచ్చాయా?

నీ మీద ఎప్పుడూ కోపంగా ఉండే
అక్క


ఫిబ్రవరి 24

అక్కా,

దూది పెట్టుకుంటున్నాను. పెట్టుకుంటే పక్కవాడు చెప్పేది వినపడదు, తీస్తే నా చెవులు వినపడవు. రెంటికీ పెద్ద తేడా లేదు. అయినా మా పనిలో చెవి కంటే చెయ్యి ముఖ్యం. లివరు మీద చెయ్యి ఉంచితే కింద నేల తొలిచే బిట్టు మట్టిలో ఉందో, రాతిలో ఉందో, రాతి పగుల్లో పడిందో తెలిసిపోతుంది.

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు నాకు అన్నం సహించలేదు. ఇక్కడ నేను ముక్కూ మొహం తెలియని వాళ్లందరి పొలాల్లోనూ నీళ్లు తీస్తున్నాను. నిన్న ఒక ముసలాయన, ముందు పొడి దుమ్ము, తర్వాత తడి దుమ్ము, ఆ తర్వాత నీళ్లు పైకి చిమ్మేసరికి చొక్కాతో సహా వెళ్లి దాని కింద నిలబడ్డాడు. పెళ్లాం లాక్కొచ్చేదాకా రాలేదు. నేను లారీ మీద నిలబడి నవ్వుతున్నాను గానీ నా మనసంతా నీ నిమ్మచెట్ల మీద ఉంది. ఊరందరికీ నీళ్లు తీసేవాడి అక్క తోట ఎండిపోతుందంటే, ఇక నా చేతిలో పని ఎందుకు చెప్పు.

అందుకని ఒక మాట. మా బండి ఓనరు ఏడాదికి ఒక బోరు పనివాళ్ల సొంతానికి ఊరికే వేసుకోనిస్తాడు. అందరూ అత్తవారికో, బావమరిదికో వేయించుకున్నారు. నేను ఇంతవరకూ వాడుకోలేదు. ఏప్రిల్లో మా లారీ మీ దారినే పోతుంది. ఒక్క పూట పని. పై మూలలో, నాన్న నాకిచ్చిన ఆ రాళ్ల నేల చెక్కలో వేస్తాను. అక్కణ్ణుంచి పైపు నీ తోటలోకి దిగుతుంది. నీళ్లు పడతాయా లేదా అని బెంగ పెట్టుకోకు. ఆ నేల కింద ఏముందో నాకు నిద్రలో కూడా తెలుసు.

బుజ్జికి ముందు పళ్లు రెండూ వచ్చాయి. అది ఇప్పుడు ఏది దొరికితే అది కొరుకుతోంది. నీ మరదలు పాత కుట్టుమిషను బాగుచేయించుకుంది. అద్దె గది అంతా గుడ్డముక్కలే.

సరే అని ఒక్క మాట రాయి, చాలు. బావ రాసినా సరే, ఆయనకి అలవాటైన పనే.

నీ
చిన్నోడు


మార్చి 6

చిన్నోడా,

వద్దు.

మీ బావ పక్కనుండి చూసి "అంతేనా?" అన్నాడు. నా నుంచి ఒక్క మాట వస్తే ఆయనకి కంగారు. అందుకని ఇంకాస్త రాస్తున్నాను.

నీ మంచి మనసు నాకు తెలియక కాదు. నీళ్లు పడవని భయమూ కాదు. నువ్వు వేస్తే పడతాయి, అదే నా భయం. రోడ్డు అవతలి బావి నీకు గుర్తుంది కదా, చిన్నప్పుడు నువ్వు చెప్పు పడేసుకుని ఏడ్చిన బావి. దాని మీద వాటా ఉన్న ముగ్గురు ఒకరి తర్వాత ఒకరు బోర్లు వేశారు. ఒకడు లోతుకు వెళ్తే ఇంకొకడు ఇంకాస్త లోతుకు వెళ్లాడు. ఇప్పుడు ఆ బావిలో పావురాలు కాపురం పెట్టాయి, బోర్లలోంచి గాలి వస్తోంది. ముగ్గురూ ఎదురుపడితే మొహాలు తిప్పుకుంటున్నారు. పచ్చగా ఉన్నప్పుడు ఆ ముగ్గురూ ఒకే కప్పులో టీ పోసుకు తాగేవాళ్లు.

మన బావి కింద మేమంతా ఒకళ్ల మొహాలు ఒకళ్లం చూసుకుని మాట అనుకున్నాం. రేపు నా తమ్ముడికి లారీ ఉంది కదా అని నేను బోరు వేయించుకుంటే, మర్నాడు దర్జీ బాబాయి అప్పు చేసి ఇంకొకటి వేస్తాడు. ఆ పొడుగావిడ, అదే మన కింద కౌలుకి కూరగాయలు పండించే ఆవిడ, ఏం వేస్తుంది? ఆవిడకి లారీ తోలే తమ్ముడు లేడు.

కాబట్టి నువ్వు రా. లారీని రోడ్డు మీద వదిలి రా. దానితో వస్తే గేటు తియ్యను, ముందే చెబుతున్నాను. ఒక్కడివే వస్తే మంచం వేసి, దుమ్ము దులిపి, కడుపునిండా పెట్టి తిట్టి పంపిస్తాను.

నెలాఖరుకి నేను పెద్దదాని దగ్గర ఉంటాను. దాని అడ్రసు కింద రాశాను. ఇంటికి రాసినా మీ బావ పంపిస్తానన్నాడు. అన్నాడు అంటే తల ఊపాడు.

గేటుకి గడియ వేసి కూర్చున్న
అక్క


మార్చి 20

అక్కా,

ఈ ఉత్తరం రెండుసార్లు రాసి చింపేశాను. ఇది చింపను.

బోరు వద్దన్నావు, సరే. మాట అనుకున్నాం అన్నావు, అదీ సరే, మీరందరూ ఆ బావి మీద బతికేవాళ్లు. కానీ నిన్న ఒక సంగతి తెలిసింది. మాకు కేసింగు పైపులు తెచ్చే కొట్టతను పోయిన వారం మీ వైపు వచ్చాడట. మాటల్లో అన్నాడు, "మీ బావి దగ్గర గురువారం మోటరు పెట్టెకి తాళం వేస్తున్నారు, వేసింది మీ అక్కే, తాళంచెవి మెళ్లో వేసుకు తిరుగుతోంది" అని. నేను సరిగ్గా వినలేదేమో అని మళ్లీ అడిగాను. నా చెవులకి ఈసారి తప్పు లేదు.

అయితే నా వంతు తీసేశారన్నమాట. నీ మొదటి ఉత్తరంలో "మాట వచ్చింది" అన్నది ఇదేనా? నేను వచ్చి నీళ్లు తోడేది ఏమీ లేదని నాకూ తెలుసు. ఇన్నేళ్లూ నా గురువారం నువ్వు తోటకి పెట్టుకుంటున్నావని, ఆ విధంగానైనా నేను నీకు పనికొస్తున్నానని అనుకుని సంతోషపడేవాణ్ణి. తీసేస్తే తీసేశారు, ఒక్క ముక్క నాకు రాయాల్సింది. బోరూ అక్కర్లేదు, నా వంతూ అక్కర్లేదు. ఇక అక్కడ నాది అనేది ఏముంది?

ఇది నీకు నవ్వులాటగా ఉంటుంది గానీ చెబుతాను. మాకు సొంత ఇల్లు లేదు. లారీ ఎక్కడికి పోతే అక్కడ అద్దె గది. బుజ్జి బడిలో అందరూ మా ఇల్లు ఇంత, మా మేడ ఇంత అని చెప్పుకుంటారట. ఇది వచ్చి "మనకేముంది నాన్నా" అని అడిగింది. మనకి ఒక బావిలో ఒక రోజు ఉందమ్మా అన్నాను. మోటరు గది గోడ మీద మీ తాత రంగుతో రోజులన్నీ రాసి, పక్కన ఎవరి వంతో వాళ్ల పేరు రాశాడు, గురువారం పక్కన మీ నాన్న పేరు ఉంటుంది అన్నాను. అది బడికి వెళ్లి "మాకు గురువారం ఉంది" అని చెప్పింది. ఎవరికీ అర్థం కాలేదట, అయినా దానికి గర్వంగానే ఉంది.

ఇప్పుడు దానికేం చెప్పను?

కోపం లేదు. నీ మీద నాకు కోపం రాదు, అదే నా ఖర్మ. జవాబు రాయి.

చిన్నోడు


ఏప్రిల్ 14

ఒరేయ్,

నువ్వు తాతవయ్యావు. ఆడపిల్ల. తల్లీపిల్లా క్షేమం. ఈ ఉత్తరంలో ఇంకేమీ లేకుండా ఈ ఒక్క సంగతి రాసి, కింద అక్క అని పెట్టి, అందులో ఇన్ని పటికబెల్లం ముక్కలు పోసి పంపుదామనుకున్నాను. నువ్వు అలా పంపనిస్తే కదా.

మీ బావ ఫోను చేశాడు. "మీ తమ్ముడొచ్చాడు. లారీతో. గుంత తవ్వాడు. పోయాడు." ఇదీ ఆయన చెప్పింది. ఎక్కడ అంటే "పై మూల" అన్నాడు. నువ్వు ఆపలేదా అంటే "ఊఁ" అన్నాడు. ఆ ఊఁకి అర్థం చెప్పగలవాడు ఇంకా పుట్టలేదు.

వద్దని రాశాను కదరా. నేను ఊళ్లో లేనప్పుడు చూసి వచ్చావు. మన వాళ్లందరికీ ఏ మొహం పెట్టుకుని చెప్పను? మాటకి మొదట తల ఊపినదాన్ని నేను. నా ఇంటి నుంచే మొదటి బోరు. రేపు దర్జీ బాబాయి వస్తాడు, "ఏమ్మా, అందరికీ నీతులు చెప్పావు" అంటాడు. అనాలి కూడా.

అసలు నాకు కోపం అది కాదు. నువ్వు ఆ బావికి ఎన్నాళ్ల నుంచి ఏం చేస్తున్నావో నీకే తెలియకుండా దాని పక్కనే కన్నం పొడిచావు. అందుకు. చెప్పకూడదనుకున్నాను, ఇప్పుడు చెబుతున్నాను, విను.

నువ్వు ఇల్లు వదిలి వెళ్లిన రోజు గుర్తుందా? దర్జీ బాబాయి నీ వంతు నాకు ఇవ్వు అని వెంటపడ్డాడు. నువ్వు సంచి భుజాన వేసుకుని, గేటు దగ్గర ఆగి, నాతో "అక్కా, నా గురువారం ఎవ్వర్నీ ముట్టుకోనివ్వకు" అన్నావు. కళ్లనీళ్లు పెట్టుకుని అన్నావు. నేను సరే అన్నాను. ఎవ్వర్నీ అంటే నేను కూడా అనుకున్నానురా. అప్పటి నుంచి పన్నెండేళ్లుగా గురువారం ఆ మోటరు ఎవరూ వెయ్యలేదు. నేను వెయ్యలేదు. ఒక్క బిందె ముంచలేదు.

మొదటి ఏడు, నువ్వు అన్నది బాబాయి గురించేనేమో, నేను తోడుకుంటే తప్పులేదేమో అని నిన్ను అడుగుదామనుకున్నాను. అప్పటికే శుక్రవారం వంతు వాళ్లు వచ్చి, వాళ్ల రోజు పొద్దున బావి నిండుగా ఉంటోందని చెప్పారు. వారమంతా అందరం తోడేస్తాం, నీ రోజున అది ఊపిరి పీల్చుకుని ఊరుతుంది. రోడ్డు అవతల బావి పోయినా మనది నిలిచింది అందుకే. లెక్కల మాష్టారు తాడు పట్టుకుని అదే చెప్పారు. ఇక నిన్ను అడగలేదు. అడిగితే "పిచ్చిదానా, వాడుకో" అంటావు. నువ్వు వాడుకోమంటే నాకు వాడుకోవాలనిపిస్తుంది, నిమ్మచెట్లు అలా చూస్తుంటే. అందుకే అడగలేదు.

ఈ ఏడు అందరికీ ప్రాణం మీదికి వచ్చింది, మనిషి లేని వంతు ఎందుకు, పంచుకుందాం అన్నారు. నేను పెట్టెకి తాళం వేసి చెవి మెళ్లో వేసుకున్నాను. నీ మాట కోసం నేను అందరితో మాట పడ్డాను. ఇప్పుడు నువ్వే వచ్చి బోరు వేశావు.

పసిది ఏడుస్తోంది. నాకూ ఏడుపొస్తోంది. ఇక రాయను.

అక్క


ఏప్రిల్ 26

అక్కా,

నీ ఉత్తరం లారీ కింద, నీడలో కూర్చుని చదివాను. చదివాక ఎక్కమని మావాళ్లు పిలిస్తే వినపడనట్టు అక్కడే ఉండిపోయాను. చెవులు పోయినవాడికి ఉన్న ఒకే ఒక్క సుఖం అది.

ముందు నీ కోపం తీరేలా చెప్పాల్సింది చెబుతాను. నేను వేసింది బోరు కాదు. బావ చెప్పింది నిజమే, గుంతే తవ్వాను. ఆయన ఇంకో రెండు మాటలు ఖర్చు పెట్టి ఉంటే నీకు ఇంత ఏడుపు ఉండేది కాదు.

బోరు వెయ్యాలనే వచ్చాను, అబద్ధం ఆడను. మార్చిలో నేను రాసిన ఉత్తరానికి నీ నుంచి జవాబు రాలేదు. (నీ ఉత్తరం చూస్తే నీకది చేరనే లేదని ఇప్పుడు తెలుస్తోంది. బావని అడుగు.) సరే, నన్ను తీసేశారు, వంతు లేకపోతే పోయింది, నా చెక్కలో నా బోరు నేను వేసి అక్క తోటలోకి నీళ్లు వదిలి వెళ్లిపోతాను అని పంతంగా వచ్చాను. వచ్చింది గురువారం. కావాలని కాదు, లారీ ఆ రోజుకి అక్కడికి చేరింది.

బోరుకి గాలి కొట్టే కంప్రెసరు లారీ వెనకబడింది. అది వచ్చేదాకా బావి గట్టు మీద కూర్చున్నాను. మోటరు పెట్టెకి తాళం చూశాను. చూసి కడుపు మండింది. తర్వాత బావిలోకి చూశాను. పడమటి గోడలో, పై మూల వైపున్న పగుల్లోంచి సన్నగా ఊట దిగుతోంది. నేను వచ్చేసరికి నీళ్లు ఒక రాతి వరస కింద ఉన్నాయి. పొద్దు తిరిగేసరికి ఆ రాయి మునిగింది. ఇన్నేళ్లు భూమిలోంచి నీళ్లు పైకి లాగాను గానీ, నీళ్లు వాటంతట అవి తీరిగ్గా రావడం కూర్చుని చూడలేదు. ఎవరో నా రోజు తీసుకుని బావికిచ్చారు అనుకున్నాను. పోనీలే, మంచి పనికే పోయింది అనుకున్నాను. అలా అనుకోగానే పంతం అక్కడే దిగిపోయింది.

అప్పుడు లెక్కల మాష్టారు తాడుతో పరుగున వచ్చి లారీకి అడ్డం నిలబడ్డారు. మాష్టారూ, బోరు వెయ్యను, తిరగేసిన బోరు వేస్తాను అన్నాను. నేలమీద పుల్లతో బొమ్మ గీసి చూపించాను. ఆ పగులు పై మూల కిందనించి వస్తోంది. వాన పడితే రోడ్డు మీద నీళ్లన్నీ ఆ మూలకే వచ్చి, అక్కణ్ణుంచి కాలవలో పడి పోతాయి. అక్కడ ఆ పగులు దాకా ఒక కన్నం వేసి, చిల్లుల పైపు దింపి, మీద పెద్ద గుంత తీసి రాళ్లూ ఇసుకా నింపితే, వాన నీళ్లు ఇసుకలో వడకట్టుకుని కిందికి దిగుతాయి. దాని మీద మోటరు పెట్టడానికి వీల్లేకుండా మూతి రాళ్లతో కప్పేశాను. మాష్టారు బొమ్మ చుట్టూ రెండుసార్లు తిరిగి, చెప్పులు విప్పి, ఆయనే గులకరాళ్లు మోశారు. బావ కొట్టు మూసి వచ్చి ఇసుక పోశాడు. ఒక్క మాట లేదు.

ఏడాదికి నాకిచ్చే ఒక్క బోరు అలా ఖర్చయింది. మావాళ్లు నన్ను చూసి, నీళ్లు తీసేవాడు నీళ్లు పోస్తున్నాడని నవ్వుకున్నారు.

ఇక నీ గురువారం సంగతి. ఆ రోజు గేటు దగ్గర నేను అన్నది బాబాయి గురించే. ఆయన ఒక్కడి గురించే. కోపంలో ఒక మాట అని నేను సాయంత్రానికి మర్చిపోయాను. నువ్వు పన్నెండేళ్లు దాన్ని మెళ్లో వేసుకుని తిరిగావు. నా వంతు నువ్వు తీసేశావని నేను రాసిన ఉత్తరం ఎక్కడుందో వెతికి, చదవకుండా పొయ్యిలో పెట్టు. దండం పెడతాను.

పసిదాన్ని ముద్దాడానని చెప్పు. తాత అంటే నాకు నవ్వొస్తోంది, బుజ్జి మాత్రం తనకి పెద్దరికం వచ్చిందని ఒకటే హడావిడి.

నీ పిచ్చి
చిన్నోడు


మే 12

నాయనా చిన్నోడా,

ఇంటికి వచ్చాను. రాగానే మీ బావ కొట్లో వెతికాను. నీ మార్చి ఉత్తరం బీరువా కింది అరలో, రాగి తీగ చుట్టల మధ్య ఉంది. ఎందుకు పంపలేదయ్యా అంటే "మర్చిపోయా" అన్నాడు. మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయనకి తేడా తెలిసినట్టు లేదు.

చదవొద్దన్నావు. చదివాను. "మాకు గురువారం ఉంది" అన్న చోట ఆగిపోయాను. నిన్ను తీసేశానని ఎంత మాట అనుకున్నావురా. నిన్ను తీసేసే మొనగాడు ఈ భూమి మీద లేడు. నీ కోసం జాగ్రత్తగా మూసిపెట్టిన తలుపు నీ మొహం మీద వేసినట్టు నీకు కనపడింది. ఒక్క ముక్క ముందే రాసి ఉంటే సరిపోయేది. రాయనందుకు నాకు బాగానే అయింది.

పై మూలకి వెళ్లి నీ గుంత చూశాను. చుట్టూ నీ చెప్పుల గుర్తులు ఇంకా ఉన్నాయి. దాని దగ్గర కాసేపు కూర్చున్నాను. దర్జీ బాబాయి వచ్చి, చుట్టూ తిరిగి, "వాన పడితే కదా" అన్నాడు. ఆ మాట మాత్రం నిజం.

అసలు సంగతి ఇది. ఎండలు మండిపోతున్నాయి. బావి ఇంకా దిగింది. ఇప్పుడు మోటరు టీ కాచినంతసేపు ఆడి ఆగిపోతోంది. నిన్న పొడుగావిడ గట్టు మీద కూర్చుని ఏడ్చింది. ఆవిడ వంగ, బీర అంతా వాడిపోయింది, కౌలు పొలం కావడంతో ఈ కాపు పోతే ఆవిడ ఇక్కడి నుంచి పోవాల్సిందే. అందరూ మళ్లీ నీ గురువారం అడుగుతున్నారు. ఇప్పుడు బాబాయి ఒక్కడే కాదు, అందరూ. వాళ్లని తప్పు పట్టలేను. నా చెట్లు చూస్తే నాకూ అడగాలనిపిస్తోంది. ఆ ఒక్క రోజూ పంచితే ఎవరి కాపు వాళ్లకి దక్కవచ్చు. దక్కకపోనూ వచ్చు, బావి మొత్తానికే పోవచ్చు. మాష్టారు ఎటూ చెప్పడం లేదు.

నువ్వు అన్నది బాబాయి గురించే అని తెలిశాక ఇక నేను తాళం పట్టుకు వేలాడటంలో అర్థం లేదు. అది నీ రోజు. ఇవ్వాలో వద్దో నువ్వే రాయి. నువ్వు ఏం రాస్తే అది గోడ దగ్గర అందరి ముందు చదువుతానని చెప్పాను.

ఎటు రాసినా నాకు నువ్వు నువ్వే.

అక్క


మే 23

అక్కా,

ఇది అందరి ముందు చదువుతావు కాబట్టి నీట్‌గా రాస్తున్నాను. నీ మరదలు పక్కన కూర్చుని తప్పులు దిద్దుతోంది.

బాబాయికి, మాష్టారుకి, పొడుగావిడకి, మిగతా పెద్దలందరికీ నమస్కారాలు. నేను బతుకుతెరువు కోసం భూమికి కన్నాలు వేసేవాణ్ణి. ఒకే పొలంలో మూడు నాలుగు కన్నాలు వేసి, ఆఖరిదాంట్లోంచి వేడి దుమ్ము తప్ప ఏమీ రాక, ఆ పొలం మనిషి మొహం చూడలేక లారీ ఎక్కి వచ్చేసిన రోజులు నాకు చాలా ఉన్నాయి. వాళ్లందరికీ ముందు ఒక బావి ఉండేది. ఆ బావికి వారంలో ఒక్క రోజు కూడా సెలవు ఉండేది కాదు.

నా గురువారం నేను ఎవరికీ ఇవ్వను అని రాద్దామనుకున్నాను. తర్వాత, అది నాదిగా ఉన్నంతకాలం ప్రతి ఎండాకాలం అందరూ దాన్ని అడుగుతారు, అక్క మాట పడుతూనే ఉంటుంది, అనిపించింది. లేని మనిషి వంతు అడగడం తప్పు కాదు కూడా. అందుకని నా గురువారం బావికే ఇచ్చేస్తున్నాను. ఇకమీదట అది నాది కాదు. గోడ మీద నా పేరు తుడిచేసి బావి అని రాయండి. బావి ఎక్కడికీ పోలేదు, మీ కళ్ల ముందే ఉంది. దాని వంతు అడగాలంటే దాన్నే అడగండి.

పొడుగావిడకి ఏం చెయ్యాలో నాకు తోచలేదు. అది మీరంతా ఆలోచించండి.

(అక్కా, ఇక్కడి నుంచి పైకి చదవకు. పేరు తుడవమన్న మాట నేను రాయలేకపోయాను. నీ మరదలు కలం తీసుకుని ఆ ఒక్క వాక్యం తను రాసింది, చూడు, అక్షరాలు వేరుగా ఉంటాయి. బుజ్జికి ఇంకా చెప్పలేదు. బడి తెరిచాక నెమ్మదిగా చెబుతాను.)

చిన్నోడు


జులై 8

మా చిన్నోడికి,

ఈ కాగితం తడిసింది, అక్షరాలు పాకాయి. ఏడ్చి కాదు, వాన. వసారాలో కూర్చుని రాస్తుంటే జల్లు కొడుతోంది. లోపలికి వెళ్లబుద్ధి కావడం లేదు.

నీ ఉత్తరం అందిన రోజే గోడ దగ్గర అందరి ముందు చదివాను. చదవడం అయిందో లేదో, బాబాయి లేచి వెళ్లిపోయాడు. అలిగాడనుకున్నాం. ఇంటికి వెళ్లి రంగు డబ్బా తెచ్చాడు. ఆయనే నీ పేరు తుడిచి, బావి అని రాశాడు. వంకరగా రాశాడు గానీ రాశాడు. ఇప్పుడు గురువారం ఎవరైనా పెట్టె దగ్గర తచ్చాడితే ముందు కసిరేది ఆయనే.

పొడుగావిడకి నా సోమవారంలో సాయంత్రం పూట ఇచ్చాను. అది చూసి మాష్టారు కూడా కొంత ఇచ్చారు. వంగ పోయింది, బీర దక్కింది. ఆవిడ వెళ్లలేదు. నాకు రెండు వరసల నిమ్మచెట్లు ఎండిపోయాయి. నేను నాటినవే, గారాలు పోయినవే. గొడ్డలి వేసే రోజున చాలా బాధపడ్డాను. నాన్నవి నిలిచాయి. ఎండిన చోట ఏం పెట్టాలో వచ్చే ఏడు చూస్తాను.

పోయిన మంగళవారం వాన మొదలైంది. నేను ఇంట్లో ఉన్నాను. మీ బావ కొట్లోంచి తల మీద సంచి వేసుకుని పరిగెత్తుకుంటూ వచ్చి, గుమ్మంలో నిలబడి, "వెళ్లి చూడవే, రోడ్డు మీద నీళ్లన్నీ మీ తమ్ముడి గుంత ఎలా తాగేస్తోందో" అన్నాడు. పెళ్లయినప్పటి నుంచీ ఆయన నోట అంత పొడుగు మాట వినలేదు. నేను గుంత సంగతి మర్చిపోయి ఆయన్నే చూస్తూ నిలబడ్డాను.

వెళ్లేసరికి అందరూ అక్కడే ఉన్నారు. మాష్టారు వానలో ఆ రాళ్ల మీద పడుకుని చెవి ఆనించి వింటున్నారు. నీళ్లు వస్తున్నాయి, సుడి తిరిగి దిగిపోతున్నాయి. కాలవలోకి ఒక్క చుక్క పోలేదు. నువ్వుంటే నీకు వినపడేది కాదు, చెయ్యి పెట్టి చూసేవాడివి. అందుకని నేను పెట్టి చూశాను. కింద నేల సన్నగా అదిరింది. నీ పని నాకు ఆ రోజు తెలిసింది. మర్నాటి నుంచి మాష్టారు తాడు తక్కువగా వదులుతున్నారు. మొహం చూసి కొలత చెప్పడం కూడా మానేశాం, ఆయన నోటితోనే చెబుతున్నారు.

ఇక చివరి సంగతి. ఆ రోజు బాబాయి గోడ మీద నీ పేరు తుడిచాక బ్రష్ నా చేతికి ఇమ్మన్నాను. ఎందుకమ్మా అన్నాడు. ఇవ్వు అన్నాను. సోమవారం పక్కన నా పేరు నాన్న రాశాడు కదా, దాని పక్కన ఖాళీ ఉంది. అక్కడ నీ పేరు రాశాను. నాన్న అక్షరాల పక్కన నాది పేలవంగా ఉంది, అయినా దూరం నుంచి కూడా కనపడుతుంది. అందరూ చూస్తుండగానే రాశాను. పొద్దున్న పూట నాది, సాయంత్రం పొడుగావిడకి కావాలంటే ఆవిడది, లేదంటే నీది. నువ్వు వచ్చినప్పుడు మొత్తం నీదే. వచ్చి, ఒక్కసారైనా నీ చేత్తో మోటరు వేసి, నాన్న చెట్లకి నీళ్లు పెట్టి వెళ్లు. లారీతో వచ్చినా గేటు తీస్తాను.

మెళ్లో తాళంచెవి తీసేశాను. ఇన్నాళ్లు ఉండి ఉండి మెడ దగ్గర మచ్చ పడింది.

బడి తెరిచారు కదా. బుజ్జిని ఎవరైనా అడిగితే, ఇక నుంచి మాకు సోమవారం ఉంది అని చెప్పమను.

నీ
అక్క